లెక్క అడిగే సభకు వెలుగునేల అభినందనం

ప్రజల సొమ్ముకు లెక్క అడగడం ఒక పండగ అనుకుంటే, ఆ పండగకు తిథి ఏప్రిల్ 8. 1993లో ఆ రోజున భారత పార్లమెంటులో పదిహేడు శాఖా సంబంధ స్థాయీ సంఘాలు కొలువుదీరాయి. దేశానికి కరెంటు ఎక్కడి నుంచి రావాలి, ఎంత రావాలి, ఎవరి గడప దాకా చేరాలి, ఆ ఖర్చు ఎవరు మోయాలి అని ఏలికలను నిలదీసే బాధ్యత వాటిలో ఇంధన స్థాయీ సంఘానికి దక్కింది. మూడు దశాబ్దాలు నిండుగా పూర్తిచేసుకుని నాలుగో దశాబ్దిలో నిబ్బరంగా నడుస్తున్న ఆ సంఘానికి, దానిలో కూర్చుని ఫైళ్లు తిరగేసి ప్రశ్నలు సంధించిన ఉభయ సభల సభ్యులందరికీ, తెర వెనుక నివేదికలు సిద్ధం చేసిన పార్లమెంటు సిబ్బందికీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల శ్రేయోభిలాషుల పక్షాన హృదయపూర్వక అభినందనలు, శుభాకాంక్షలు!

ఢిల్లీలో ఉన్న సంఘానికి కృష్ణా తీరం నుంచి ఈ హారతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. మా మూడు ఊళ్లూ ఈనాడు ఒకే నల్గొండ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. ఆ స్థానం పరిధిలోనే నాగార్జునసాగర్ ప్రధాన జల విద్యుత్ కేంద్రం 815.6 మెగావాట్ల సామర్థ్యంతో, ఎడమ కాలువ కేంద్రం 60 మెగావాట్లతో, పులిచింతల కేంద్రం 120 మెగావాట్లతో ఉన్నాయి. మిర్యాలగూడకు చేరువలో, దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం తలెత్తింది. అన్నీ కలిపితే దాదాపు 5,000 మెగావాట్లు. ఇక వాడకం సంగతి చూస్తే, మిర్యాలగూడ రైసుమిల్లులు, మేళ్లచెర్వు, మఠంపల్లి సిమెంటు ఫ్యాక్టరీలు, సూర్యాపేట మెట్ట పొలాల్లోని బోరుబావులు, కోదాడ మీదుగా పోయే జాతీయ రహదారి వెంబడి వెలసిన వ్యాపారాలు అన్నీ ఆ తీగల మీదే బతుకుతున్నాయి. కరెంటు పుట్టేదీ ఇక్కడే, కరెంటు కోసం రాత్రిళ్లు కళ్లల్లో ఒత్తులు వేసుకుని ఎదురుచూసిందీ ఇక్కడే. రెండు వైపులా తెలిసిన నేల గనుకనే, రెండు వైపులా లెక్క అడిగే సంఘానికి ఆశీస్సులు పలికే చనువు తీసుకుంటున్నాం.

ప్రశ్నించే గొంతును ఢిల్లీకి పంపడం మా ప్రాంతానికి మొదటి నుంచీ అలవాటే. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్గొండ నుంచి నిలిచిన రావి నారాయణరెడ్డికి దేశంలోనే అత్యధికంగా, సాక్షాత్తు జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు వేసి పంపిన నేల ఇది. సాయుధ పోరాట యోధుడు భీమిరెడ్డి నరసింహారెడ్డిని మిర్యాలగూడ స్థానం నుంచి 1971లో, 1984లో, 1991లో లోక్‌సభకు పంపిన నేల ఇది. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసిన నాడూ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన నాడూ ఈ గట్టు మీద పండగే. ఆ మహా నిర్మాణం వెనుక నిలిచిన ఇంజనీరు, విజయవాడ ఎంపీ, కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మంత్రి డాక్టర్ కానూరి లక్ష్మణరావు పేరు ఇవాళ పులిచింతల జలాశయానికి పెట్టుకున్నాం. 1947లో దేశమంతటా కలిపి ఉన్న విద్యుత్ సామర్థ్యం 1,362 మెగావాట్లే. అక్కడి నుంచి మొదలైన ప్రయాణంలో ఆనకట్టలు కట్టిన చేతులకు ఎంత పేరుందో, వాటికి నిధులు మంజూరు చేసే ముందు నాలుగు ప్రశ్నలు అడిగిన నోళ్లకూ అంత పేరు ఉండాలి.

ఆ అడగడానికి తొలి నలభై ఏళ్లలో సభకు తీరిక చిక్కేది కాదు. బడ్జెట్ సమావేశాల్లో నాలుగైదు శాఖల పద్దుల మీదే చర్చ సాగేది. గడువు దగ్గరపడగానే మిగిలిన శాఖల పద్దులన్నిటినీ గిలెటిన్ పేరుతో ఒక్క ఓటుతో ఆమోదించేవారు. వేల కోట్ల ఖర్చు చర్చ లేకుండానే గట్టెక్కేది. ఈ లోటు తీర్చడానికి 1989లో వ్యవసాయం, శాస్త్ర సాంకేతికం, పర్యావరణం అనే మూడు అంశాలకు సంఘాలు వేసి చూశారు. ఆ ప్రయోగం ఫలించింది. 1993 మార్చి 31న ఉపరాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ చేతుల మీదుగా స్థాయీ సంఘాల వ్యవస్థ సెంట్రల్ హాల్లో ప్రారంభమైంది. అప్పుడు స్పీకరు పీఠంపై శివరాజ్ పాటిల్, ప్రధాని పదవిలో తెలంగాణ బిడ్డ పి.వి. నరసింహారావు, లోక్‌సభలో మిర్యాలగూడ గొంతుగా భీమిరెడ్డి ఉన్నారు. బ్రిటన్ కామన్స్ సభ తన శాఖల వారీ సంఘాలను 1979లో ఏర్పరుచుకుంటే, మన సభ పద్నాలుగేళ్ల తర్వాత తన దారిలో తాను ఆ పని చేసింది. ఆలస్యమైనా శుభారంభమే.

ఇంధన సంఘం పనితీరు మా మిర్యాలగూడ వాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. బస్తా కాంటా ఎక్కక ముందే మిల్లు దగ్గర ధాన్యం చేతిలోకి తీసుకుని, తేమ చూసి, రెండు గింజలు కొరికి చూసినట్టు, శాఖ అడిగిన పద్దు సభలో ఓటుకు రాకముందే ఈ సంఘం దాన్ని పట్టి చూస్తుంది. బడ్జెట్ సమావేశాల మధ్య సభకు విరామం ఇచ్చేది ఇందుకే. ఆ రోజుల్లో శాఖ కార్యదర్శులు సంఘం ముందు కూర్చుని జవాబు చెప్పాలి. పోయిన ఏడు ఇచ్చిన సొమ్ము ఎందుకు మిగిలిపోయింది, పెట్టుకున్న లక్ష్యం ఎందుకు తప్పింది, అడిగిన అంచనా ఎందుకు పెరిగింది? నివేదిక అందాక ప్రభుత్వం మూడు నెలల్లో తీసుకున్న చర్యలు తెలపాలి. 2004 నుంచి ఆ సిఫార్సుల అమలు మీద మంత్రి ఆరు నెలలకొకసారి సభలోనే ప్రకటన చేయాలన్న ఆనవాయితీ కూడా వచ్చింది. సంఘంలో మంత్రులకు చోటు లేదు. అన్ని పార్టీల వాళ్లూ ఉంటారు. తలుపులు మూసి కూర్చుంటారు గనుక కెమెరా కోసం కేకలు వేయాల్సిన పని ఎవరికీ లేదు. సభలో కత్తులు దూసుకునే వాళ్లు అక్కడ ఒకే నివేదికకు సమ్మతిస్తారు. ఒప్పుకోని వాళ్లు తమ అసమ్మతిని రాసి జతచేస్తారు. మన ప్రజాస్వామ్యంలో ఇంత సంస్కారవంతమైన సంప్రదాయాలు ఎన్నో లేవు.

తొలి దశాబ్దంలో ఈ సంఘం వీపు మీద భారం పెద్దదే. విద్యుత్తుతో పాటు బొగ్గు, సంప్రదాయేతర ఇంధన వనరులు, అణుశక్తి కూడా దాని పరిధిలోనే ఉండేవి. లోక్‌సభ నుంచి ముప్ఫై మంది, రాజ్యసభ నుంచి పదిహేను మంది, మొత్తం నలభై అయిదుగురు సభ్యులు. రాష్ట్ర విద్యుత్ బోర్డులు నష్టాల్లో కూరుకుపోయి, సంస్కరణల గాలి వీస్తున్న కాలమది. 1999 ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో పంపిణీ సంస్థలు పుట్టాయి. అదే ఏడాది ఆగస్టులో కరెంటు చార్జీల పెంపుపై హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పెల్లుబికిన ఆగ్రహాన్ని తెలుగు నేల మరచిపోలేదు. విద్యుత్ విధానం అంకెల్లో మొదలైనా, చివరికి సామాన్యుడి బతుకులోనే తేలుతుందని ఆ ఉద్యమం చాటింది.

ఆ నేపథ్యంలోనే ఈ సంఘం చేతికి తన చరిత్రలోకెల్లా పెద్ద పరీక్ష వచ్చింది. 2001 ఆగస్టులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన విద్యుత్ బిల్లు పరిశీలనకు దాని ముందుకు చేరింది. 1910, 1948, 1998 నాటి మూడు చట్టాల స్థానంలో ఒకే చట్టం తేవాలన్నది ఆ బిల్లు సంకల్పం. సంతోష్ మోహన్ దేవ్ అధ్యక్షతన సంఘం ఏడాదికి పైగా దాన్ని కూలంకషంగా జల్లెడ పట్టి, 2002 డిసెంబరులో నివేదిక సమర్పించింది. సభల ఆమోదం పొంది ఆ చట్టం 2003 జూన్ 10న అమల్లోకి వచ్చింది. వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, అంబుడ్స్‌మన్ అనే మాటలు సామాన్యుడి చేతికి అందింది ఆ చట్టంతోనే. ఉచితంగానో తక్కువ ధరకో కరెంటు ఇవ్వదలచిన రాష్ట్ర ప్రభుత్వం ఆ సొమ్మును ముందుగా పంపిణీ సంస్థకు చెల్లించాలన్న 65వ సెక్షనూ అందులోదే. 2004 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మొదలైనప్పటి నుంచి, మా రైతు మోటారు స్టార్టరు బటన్ నొక్కిన ప్రతిసారీ ఆ సెక్షన్ చప్పుడు లేకుండా పనిచేస్తూనే ఉంది.

ఆ చట్టం రూపుదిద్దుకున్న లోక్‌సభలో మిర్యాలగూడ ప్రతినిధి ఎస్. జైపాల్‌రెడ్డి. 1999లో, 2004లో రెండుసార్లు ఆయన్ను గెలిపించుకున్న గౌరవం మాది. 1998 సంవత్సరానికి ఉత్తమ పార్లమెంటేరియన్ పురస్కారం అందుకున్న ఆ వాగ్ధాటి, 2011 జనవరి నుంచి 2012 అక్టోబరు దాకా పెట్రోలియం, సహజవాయువుల శాఖ మంత్రి కుర్చీలో కూర్చుంది. ప్రశ్నలు వేయడంలో ఆరితేరిన మనిషి, కృష్ణా–గోదావరి బేసిన్ గ్యాస్ లెక్కల మీద దేశమంతా చర్చ నడుస్తున్న వేళ, జవాబు చెప్పే వరసలో నిలబడ్డాడు. అటూ ఇటూ నిలిచి చూసిన వాళ్లే పార్లమెంటరీ పరిశీలన విలువను నిండుగా ఎరుగుతారు.

2004 జులైలో స్థాయీ సంఘాల సంఖ్య 24కు పెరిగింది. ఒక్కో సంఘంలో సభ్యుల సంఖ్య ముప్ఫై ఒకటికి తగ్గింది. బొగ్గు, అణుశక్తి వేరే సంఘాలకు వెళ్లాయి. విద్యుత్తు, నూతన, పునరుత్పాదక ఇంధనం ఈ సంఘానికి మిగిలాయి. పరిధి తగ్గినా పట్టు బిగిసింది. 2005లో జాతీయ విద్యుత్ విధానం, అదే ఏడాది గ్రామీణ విద్యుదీకరణ పథకం, 2006లో గ్రామీణ విద్యుదీకరణ విధానం వరుసగా వచ్చాయి. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశ గ్రిడ్‌తో ముడిపడింది. 2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లైసాంగ్ గ్రామానికి కరెంటు చేరడంతో దేశంలో తీగ చేరని ఊరు లేదని ప్రభుత్వం ప్రకటించింది. ప్రతి మలుపులోనూ పథకాల ప్రగతిని ఏటేటా తూచి, ఊరికి స్తంభం పడితే సరిపోదు, ప్రతి ఇంటికీ దీపం వెలగాలని గుర్తుచేస్తూ వచ్చింది ఈ సంఘం.

తెలుగు వాళ్లు ప్రత్యేకంగా గర్వించదగ్గ అధ్యాయం ఆ తర్వాతిది. అప్పటి విశాఖపట్నం ఎంపీ, ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఆచార్యుడిగా పనిచేసిన డాక్టర్ కంభంపాటి హరిబాబు ఈ సంఘానికి అధ్యక్షత వహించారు. 2018 మార్చిలో ఆయన సారథ్యంలో వెలువడిన నివేదిక, అప్పుల ఊబిలో చిక్కిన 34 బొగ్గు ఆధారిత విద్యుత్ ప్రాజెక్టుల గుట్టు విప్పింది. 40 వేల మెగావాట్లకు పైగా సామర్థ్యం, దాని మీద దాదాపు 1.74 లక్షల కోట్ల రూపాయల రుణం! బొగ్గు అందక, కొనుగోలు ఒప్పందాలు లేక, బకాయిలు వసూలు కాక ఆగిన ప్రాజెక్టుల వెనుక కారణాలను వరసపెట్టి దేశం ముందుంచారు. 2019 జనవరిలో జల విద్యుత్తుపై మరో నివేదిక వచ్చింది. ఆ ఏడాది మార్చిలోనే పెద్ద జల విద్యుత్ కేంద్రాలనూ పునరుత్పాదక ఇంధనంగా గుర్తించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇన్నేళ్లుగా కృష్ణమ్మను టర్బైన్ల మీదుగా దించుతున్న సాగర్ గట్టు మీది వాళ్లకు ఆ మాట ఎంత హాయిగా వినిపించి ఉంటుందో వేరే చెప్పాలా?

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తర్వాత మా ప్రాంతం ఇంధన పటంలో మరింత మెరిసింది. 2014 పునర్విభజన చట్టం తెలంగాణలో ఎన్‌టీపీసీ ద్వారా 4,000 మెగావాట్ల కేంద్రానికి హామీ ఇచ్చింది. ఆ హామీ కింద రామగుండంలో కట్టిన తొలి 800 మెగావాట్ల యూనిట్ 2023 అక్టోబరులో జాతికి అంకితమైంది. సూర్యాపేట ఎమ్మెల్యే గుంటకండ్ల జగదీశ్‌రెడ్డి కొత్త రాష్ట్రం తొలి దశాబ్దంలో అధిక భాగం విద్యుత్ శాఖ మంత్రిగా ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలైంది. రాత్రి కరెంటుకు టార్చిలైటు పట్టుకుని, పాము పుట్రల మధ్య పొలం గట్టున కాపలా పడుకున్న తరానికి ఆ మార్పు విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. 2015 జూన్ 8న శంకుస్థాపన జరిగిన యాదాద్రి థర్మల్ కేంద్రం తొలి వెలుగును 2024 డిసెంబరులో జాతికి అంకితం చేశారు. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. దామరచర్ల పొగగొట్టాలు మాత్రం అందరి కాలంలోనూ లేస్తూనే వచ్చాయి.

అభివృద్ధికి ఔనన్నట్టే, అవసరమైనచోట కాదని చెప్పడమూ ఈ నేలకు తెలుసు. సాగర్ జలాశయానికి కూతవేటు దూరంలో లంబాపూర్–పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదన వచ్చినప్పుడు, 2003 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో జనం గట్టిగా అడ్డుచెప్పారు. తాగే నీటికి ముప్పు ఉండకూడదన్నదే వాళ్ల మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న. 2020 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ సవరణ బిల్లు ముసాయిదాకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఉమ్మడి జాబితాలో ఉన్న అంశంపై రాష్ట్రం తన గొంతు వినిపించింది. 2022 ఆగస్టు 8న సవరణ బిల్లు లోక్‌సభ ముందుకొచ్చిన రోజునే దాన్ని ఇంధన స్థాయీ సంఘానికి నివేదించారు. హడావుడిగా ఓటుకు పెట్టకుండా, రాష్ట్రాలూ రైతులూ ఉద్యోగులూ మాట్లాడే చోటికి పంపారు. ఆ లోక్‌సభ గడువుతో ఆ బిల్లు మురిగిపోయింది. అయినా బిల్లు కంటే సంప్రదింపు గొప్పదన్న సంప్రదాయం బతికి నిలిచింది.

ఒక్కసారి వెనక్కి తిరిగి మొత్తం కూడి చూద్దాం. 1992 మార్చిలో దేశ విద్యుత్ సామర్థ్యం దాదాపు 69 వేల మెగావాట్లు. 2022 మార్చి నాటికి అది దాదాపు నాలుగు లక్షల మెగావాట్లు. మూడు దశాబ్దాల్లో అయిదు రెట్లు దాటిన ఈ పెరుగుదలలో ఇంధన స్థాయీ సంఘం సొంతంగా ఒక్క యూనిట్ కూడా ఉత్పత్తి చేయలేదు. ఒక్క స్తంభం పాతలేదు, ఒక్క తీగ లాగలేదు. అయినా ప్రతి మెగావాటు మీదా దాని చూపు పడింది. దాని సిఫార్సులను పాటించి తీరాలన్న నిర్బంధం ప్రభుత్వానికి లేదు. అధికారంతో కాక ఆధారాలతో ఒప్పించే సంస్థ అది. చెప్పిందే మళ్లీ చెబుతూ, మారిన అంకెలు చూపిస్తూ, తప్పించుకున్న జవాబును మరుసటి ఏడు మళ్లీ రాబడుతూ ముందుకు సాగింది. ఏడాదికొకసారి సభ్యులు మారినా, అయిదేళ్లకొకసారి సభే మారినా, ఆ పట్టుదల మారలేదు. ఓర్పే దాని ఆస్తి, నిలకడే దాని కీర్తి.

రాబోయే దశాబ్దంలో అడగవలసినవి ఇంకా బరువైనవి. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం దేశ లక్ష్యం. 2019లో మొదలైన కుసుమ్ పథకం సౌర పంపుసెట్లను పొలాలకు చేర్చాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన సూర్యఘర్ పథకం కోటి ఇళ్ల కప్పుల మీద పలకలు పరచాలి. ఈ పలకలు సూర్యాపేట చిన్న ఇంటి రేకుల మీదకీ వస్తాయా, డాబాల దగ్గరే ఆగుతాయా? యాదాద్రి బూడిద ఎక్కడికి పోతుంది, చుట్టుపక్కల ఊళ్ల గాలినీ నీటినీ ఎవరు కొలుస్తారు? లైను చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే ఎన్నాళ్లలో మారుస్తారు? లో వోల్టేజీకి మోటారు వైండింగ్ కాలితే ఆ నష్టం ఎవరిది? ఇవి ఊరి రచ్చబండ ప్రశ్నలుగా కనిపించినా, నిజానికి జాతీయ ఇంధన విధానపు ప్రశ్నలు ఇవే. స్తంభం ఎక్కే లైన్‌మన్ అనుభవమూ, మిల్లు యజమాని బిల్లూ, బోరు దగ్గరి కౌలు రైతు గోడూ సాక్ష్యాలుగా సంఘం బల్ల మీదకు చేరాలని మా ఆకాంక్ష. ప్రతి ముఖ్యమైన ఇంధన బిల్లూ ముందు సంఘం పరిశీలనకే రావాలని మా కోరిక. పర్యటనకు బయలుదేరిన సంఘం ఏదో ఒక రోజు సాగర్ గట్టు మీదకూ, దామరచర్ల గేటు ముందుకూ, కోదాడ సబ్‌స్టేషన్ దాకానూ వస్తుందన్న నమ్మకం మాకుంది. వస్తే మా మర్యాదలో లోటుండదు, మా ప్రశ్నల్లోనూ లోటుండదు.

ముప్ఫై ఏళ్లు దాటిన ఈ పరిశీలనా యజ్ఞంలో సమిధలు వేసిన పూర్వ అధ్యక్షులకూ, సభ్యులకూ వందనం. ఇప్పుడు ఆ పీఠాల్లో ఉన్నవారికి అభినందనం. రేపు ఆ పీఠాలు ఎక్కబోయే మా పిల్లలకు ఆహ్వానం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వీధుల్లో చదువుకుంటున్న అమ్మాయిల్లో, అబ్బాయిల్లో నుంచి ఒకరు ఈ సంఘానికి అధ్యక్షులై, దేశ విద్యుత్ పద్దును పట్టి చూసే రోజు తప్పక వస్తుంది. ఇంధన స్థాయీ సంఘం అడిగే ప్రతి ప్రశ్నకూ నిజాయితీ గల జవాబు దొరకుగాక! దాని ప్రతి సిఫార్సుకూ ఆచరణ తోడగుగాక! దేశం ఉన్నంత కాలం, దీపం వెలిగినంత కాలం ఆ వేదిక నిత్య నూతనంగా వర్ధిల్లుగాక! శుభం భూయాత్!